పసిబిడ్డ తల ఆకారం తేడాగా ఉందా? ఇంట్లో ఎలా చూడాలి, ఎవరికి చూపించాలి, ఆపరేషన్ దాకా వెళ్తే ఏం జరుగుతుంది

మా బాబుకి నెల దాటాక ఒకరోజు లాల పోస్తూ మా అమ్మ "వీడి నడినెత్తి మీద ఏంటే, పొలం గట్టులా వేలికి తగులుతోంది" అంది. చూస్తే నిజమే, మాడు దగ్గర మొదలై వెనక్కి సన్నగా ఒక గట్టు. ఆరు వారాల టీకాకి వెళ్ళినప్పుడు అడిగితే "కాన్పులో ఒత్తిడికి అలా అవుతుంది, అదే సర్దుకుంటుంది" అన్నారు. పది వారాల టీకాకీ అదే మాట, పద్నాలుగు వారాలకీ అదే మాట. అయిదున్నర నెలలప్పుడు వేరే ఊళ్ళో వేరే డాక్టరు, తల మీద చెయ్యి పెట్టి పట్టుమని పది సెకన్లు కాలేదు, పుర్రె అతుకు ముందే మూసుకుపోయిందని చెప్పేశారు. అప్పటికి చిన్న కోతతో అయిపోయే ఆపరేషన్ వయసు దాటిపోయింది, ఎనిమిదో నెలలో పెద్ద ఆపరేషనే చేయించాం. వాడికిప్పుడు ఆరేళ్ళు, బాగానే ఉన్నాడు, హోంవర్క్ అంటే ఏడుస్తాడు, అంతే.

నేను డాక్టర్ని కాను. ఆ మూడు టీకాల మధ్యలో ఉన్నప్పుడు నాకెవరైనా చెప్పి ఉంటే బాగుండేది అనుకున్నవన్నీ ఇక్కడ రాస్తున్నాను. గూగుల్లో ఫోటోలు చూసి రాత్రంతా నిద్ర మానుకునే వాళ్ళకి ముందే ఒక మాట: తల ఆకారం తేడాగా ఉన్న పిల్లల్లో ఎక్కువ మందికి ఈ జబ్బు ఉండదు. పుట్టే పిల్లల్లో సుమారు 2,000 నుంచి 2,500 మందికి ఒకరిలో కనిపిస్తుంది. అందుకే మామూలు డాక్టర్లకి ఇది తొందరగా తట్టదు. అలాగని మీరు కూర్చుని ఎదురుచూడాల్సిన పని లేదు.

అసలు ఏం జరుగుతుందంటే

పసిపిల్లల పుర్రె ఒకే ఎముక కాదు. ముక్కలు ముక్కలుగా ఉండి, మధ్యలో మెత్తటి అతుకులు ఉంటాయి, డాక్టర్లు సూచర్లు అంటారు. నుదురు మధ్యలో ఒకటి, నడినెత్తి మీద ముందు నుంచి వెనక్కి ఒకటి, మాడు నుంచి రెండు చెవుల వైపుకి చెరొకటి, తల వెనక రెండు. మాడు అంటే ఈ అతుకులు కలిసే చోట ఎముక ఇంకా పడని మెత్తటి జాగా. మెదడు మొదటి రెండేళ్ళలో విపరీతంగా పెరుగుతుంది కాబట్టి ఆ పెరుగుదలకి చోటివ్వడానికే ఈ ఏర్పాటు. నుదుటి అతుకు ఒక్కటే ఏడాది లోపు తనంతట తాను మూసుకుంటుంది, మిగతావి పెద్దయ్యే దాకా పూర్తిగా మూసుకోవు. ఏదైనా అతుకు గడువుకి ముందే ఎముకగా గట్టిపడిపోతే దాన్ని క్రేనియోసినోస్టోసిస్ అంటారు. నోరు తిరగకపోయినా ఈ పేరు ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి, ఆసుపత్రి కౌంటర్ల దగ్గర, ఇన్సూరెన్సు వాళ్ళ దగ్గర పనికొస్తుంది.

అతుకు మూసుకుపోయిన దిక్కున తల పెరగదు, మెదడు మాత్రం పెరగడం ఆపదు కదా, తెరిచి ఉన్న మిగతా అతుకుల వైపు నెట్టుకుంటూ పోతుంది. ఈ సూత్రాన్ని జర్మనీ డాక్టర్ రుడాల్ఫ్ విర్చో 1851లోనే చెప్పాడు. అందుకే ఏ అతుకు మూసుకుపోయిందో తల ఆకారమే చెప్పేస్తుంది, తెలిసిన డాక్టరుకి స్కాన్ కంటే ముందు కళ్ళే చాలు.

నడినెత్తి అతుకు మూసుకుపోతే తల పక్కలకి పెరగలేక ముందుకీ వెనక్కీ సాగి, పైనుంచి చూస్తే పడవలా ఉంటుంది. అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది ఇదే, మగపిల్లల్లో ఎక్కువ, మావాడిదీ ఇదే. నుదుటి అతుకు అయితే నుదురు మధ్యలో పడవ ముక్కులా పొడుచుకొచ్చి, కణతలు లోపలికి నొక్కుకుపోయి, పైనుంచి త్రికోణంలా కనిపిస్తుంది, కళ్ళు దగ్గరదగ్గరగా ఉన్నట్టుంటాయి. చెవి వైపు వెళ్ళే అతుకు ఒక పక్కదే మూసుకుంటే ఆ పక్క నుదురు చప్పగా అయిపోయి, ఆ పక్క కనుబొమ్మ పైకి లేచి కన్ను పెద్దదిగా కనిపిస్తుంది, ముక్కు కాస్త వంకర తిరుగుతుంది. ఇంట్లో వాళ్ళు తరచుగా "ఒక కన్ను చిన్నది" అని రెండో కన్నుని అనుమానిస్తారు, అసలు తేడా పెద్దగా కనిపించే కన్ను వైపు ఉంటుంది. రెండు పక్కలవీ మూసుకుంటే తల పొట్టిగా, వెడల్పుగా, ఎత్తుగా అవుతుంది. తల వెనక అతుకు మూసుకోవడం చాలా అరుదు.

ఇంట్లో చూసుకునే పద్ధతి

కాన్పైన వెంటనే తల పొడుగ్గా, ఎముక మీద ఎముక ఎక్కినట్టు ఉండటం మామూలే, మొదటి వారం పది రోజులు దాన్ని పట్టించుకోవద్దు. రెండు మూడు వారాలు గడిచాక లాల పోసేటప్పుడు జుట్టు తడిగా తలకి అంటుకుని ఉంటుంది చూడండి, అదే సరైన సమయం. బిడ్డని ఒళ్ళో కూర్చోబెట్టి ఒకరు పట్టుకుంటే ఇంకొకరు సరిగ్గా నడినెత్తి పైనుంచి ఒక ఫోటో, ఎదురుగా ఒకటి, రెండు పక్కల నుంచి, వెనక నుంచి ఒక్కోటి తీయండి. ముఖ్యమైనది పైనుంచి తీసిందే, రెండు చెవులు, ముక్కు కొన అందులో కనిపించాలి. రెండు వారాలకోసారి అదే కోణంలో తీస్తూ పోతే, సర్దుకుంటోందో ముదురుతోందో ఎవరి మాట మీదా ఆధారపడకుండా మీకే తెలుస్తుంది. నేను ఈ పని చేయలేదు. మా పెళ్ళిరోజు ఫోటోలో అనుకోకుండా పైనుంచి పడిన ఒక్క ఫోటో ఉంది, రెండు నెలలప్పటిది, అందులో పడవ ఆకారం గుడ్డివాడికి కూడా కనిపించేంత స్పష్టంగా ఉంది.

తర్వాత వేళ్ళ పని. ఒత్తకుండా, వేలి కొసలతో నిమిరినట్టుగా అతుకులు ఉండే చోట చూడండి. తెరిచి ఉన్న అతుకు దగ్గర కొద్దిగా పల్లం గానీ ఏమీ తగలకపోవడం గానీ ఉంటుంది, మూసుకుపోయిన చోట గట్టిగా, నిక్కచ్చిగా గట్టు తగులుతుంది. నుదురు మధ్యలో ఉత్త గట్టు మాత్రమే ఉండి, కణతలు నిండుగా, నుదురు గుండ్రంగా ఉంటే అది చాలావరకు ఆ అతుకు మామూలుగా మూసుకునే వయసులో వచ్చే గట్టే, దానికి ఆపరేషన్ అక్కర్లేదు. డాక్టరుకి చూపించండి గానీ నిద్ర పాడుచేసుకోకండి.

ఇక మాడు సంగతి. "మాడు ఇంకా మెత్తగానే ఉంది కదా, అతుకులు ఎలా మూసుకుంటాయి" అని నాకు ముగ్గురు చెప్పారు, అందులో ఒకరు డాక్టరే. తప్పు. మాడు తెరిచి ఉండి కూడా వెనక నడినెత్తి అతుకు మొత్తం మూసుకుపోయి ఉండొచ్చు. దీనికి తిరగేసి, నాలుగైదు నెలలకే మాడు చిన్నదైపోయినా తల ఆకారం, పెరుగుదల బాగుంటే జబ్బు ఏమీ ఉండకపోవచ్చు. మాడు ఒక్కదాన్నే చూసి ఏ నిర్ణయానికీ రాకూడదు.

టేపు కూడా అబద్ధం చెబుతుంది. తల చుట్టుకొలత పుట్టినప్పుడు 34, 35 సెంటీమీటర్లు ఉండి, మొదటి మూడు నెలలు నెలకి దాదాపు 2 సెంటీమీటర్లు, తర్వాతి మూడు నెలలు నెలకి 1, ఆ పైన ఏడాది దాకా నెలకి అర సెంటీమీటరు పెరుగుతుంది. కొలవాల్సిందే, ప్రతి టీకాకీ కొలిచి రాయమని అడగాల్సిందే, ఎందుకంటే మన దగ్గర బరువు చూసి వదిలేస్తారు. అయితే పడవ తలలో చుట్టుకొలత మామూలుగానే వస్తుంది, ఒక్కోసారి ఎక్కువే వస్తుంది. మావాడి కార్డులో అంకెలన్నీ గీత మీదే ఉన్నాయి, అదే మమ్మల్ని ముంచింది.

దానికంటే ఉపయోగపడే కొలత పొడవుకీ వెడల్పుకీ ఉన్న నిష్పత్తి. బిడ్డ నిద్రలో ఉన్నప్పుడు తలకి రెండు పక్కలా అట్టపుస్తకాలు మెత్తగా ఆనించి మధ్య దూరం స్కేలుతో కొలవండి, అది వెడల్పు. అలాగే నుదురుకి, వెనక బుడిపెకి మధ్య కొలిస్తే పొడవు. వెడల్పుని పొడవుతో భాగించి వందతో గుణించండి. వెడల్పు 9.6, పొడవు 14.5 అయితే 66 వస్తుంది. మామూలు పిల్లల్లో ఇది దాదాపు 75 నుంచి 85 మధ్య ఉంటుంది, 70 లోపు వస్తే ఆలస్యం చేయొద్దు. పుస్తకాలతో కొలిస్తే ఒకటి రెండు అంకెలు అటూ ఇటూ అవుతుంది, ఫరవాలేదు.

పడుకోబెట్టడం వల్ల వచ్చిన చప్పట తలా, అతుకు జబ్బా?

ఎక్కువ మంది కంగారు పడేది ఇక్కడే. ఎప్పుడూ ఒకవైపే తల తిప్పి పడుకునే బిడ్డకి వెనక ఆ పక్క చప్పగా అవుతుంది, ఇది పుర్రె జబ్బు కాదు. పైనుంచి చూస్తే తల పక్కకి తోసిన అగ్గిపెట్టెలా ఉంటుంది: చప్పగా ఉన్న పక్క చెవి ముందుకి జరుగుతుంది, అదే పక్క నుదురు కూడా కాస్త ముందుకొస్తుంది. వెనక అతుకు నిజంగా మూసుకుపోతే ఆ పక్క చెవి సాధారణంగా వెనక్కీ కిందకీ దిగుతుంది, చెవి వెనక బుడిపె వస్తుంది. ఇంకో తేడా, పడకతో వచ్చే చప్పట పుట్టినప్పుడు ఉండదు, నెల రెండు నెలలకి మొదలై, బిడ్డ కూర్చోవడం మొదలుపెట్టాక తగ్గుముఖం పడుతుంది. మెడ ఒకవైపే తిప్పుతుంటే మెడ కండరం బిగుసుకుందేమో చూపించి ఫిజియోథెరపీ చేయించాలి. మెలకువగా ఉన్నప్పుడు బోర్లా వేసి ఆడించడం, ఉయ్యాల్లో తల పెట్టే దిక్కు మార్చడం సరిపోతాయి. నిద్రలో మాత్రం వెల్లకిలానే పడుకోబెట్టండి, తల ఆకారం కోసం బోర్లా నిద్రపుచ్చకండి, ప్రాణాపాయం.

ఆవాల దిండు మాటకొస్తే, అతుకు మూసుకుపోయిన తలని ఆవాల దిండు మార్చలేదు. లాల పోసే ఆమె అరచేతులతో రెండు పక్కలా ఒత్తితే గుండ్రం అవుతుందనేదీ అంతే, పడవ తలని ముందూ వెనకా నొక్కితే బిడ్డ ఏడుస్తుందే తప్ప ఎముక కదలదు. మాడు మీద ఆముదం పెట్టకపోవడం వల్ల వచ్చిందని మా అత్తయ్య గట్టిగా నమ్మింది. వాదించలేదు, ఆముదం పెట్టనిచ్చి అపాయింట్‌మెంట్ తీసుకున్నాను. తల ఆకారం సరిచేస్తాయని చెప్పి పసిపిల్లల హెల్మెట్లు అమ్మే వాళ్ళు కూడా ఇప్పుడు చాలామంది ఉన్నారు. పడకతో వచ్చిన చప్పటకి అవి కొంత పనిచేయొచ్చు గానీ, అతుకు మూసుకుపోయిన తలకి ఆపరేషన్ లేకుండా ఉత్త హెల్మెట్ పెడితే డబ్బుతో పాటు విలువైన నెలలు కూడా పోతాయి.

ఎవరి దగ్గరికి, ఏ పరీక్షకి

అనుమానం ఉంటే అడగాల్సింది "పీడియాట్రిక్ న్యూరోసర్జన్‌కి రాసివ్వండి" అని, సూటిగా ఆ మాటే. పెద్ద ఊళ్ళల్లో న్యూరోసర్జనూ, ముఖం పుర్రె ఎముకలు చేసే ప్లాస్టిక్ సర్జనూ కలిసి చూసే చోట్లు ఉంటాయి, అలాంటి చోటు దొరికితే మంచిది. మీ పిల్లల డాక్టరు "చూద్దాంలే" అంటే ఫోన్లో పైనుంచి తీసిన ఫోటోలు వరసగా చూపించండి. మాటలకి కరగని వాళ్ళు ఫోటోలకి కరుగుతారు.

ముందుగా మామూలు ఎక్స్‌రే తీయించమంటారు. తప్పు కాదు, కానీ పసిపిల్లల పుర్రె ఎక్స్‌రే చదవడం కష్టం, "నార్మల్" అని రిపోర్టు వస్తే అక్కడితో ఆగిపోకండి. చిన్న బిడ్డలకి అతుకుల మీద అల్ట్రాసౌండ్ చేయడం అలవాటున్న రేడియాలజిస్టు ఉంటే రేడియేషన్ లేకుండా చాలావరకు తేలిపోతుంది. ఖాయంగా తేల్చేది సీటీ స్కాన్, త్రీడీ బొమ్మలతో. దీన్ని సర్జన్ చూశాక, సర్జన్ రాస్తేనే తీయించండి, ఎందుకంటే కొందరు ఆకారం చూసే నిర్ణయించేసి ఆపరేషన్‌కి దగ్గర్లో మాత్రమే తీయిస్తారు, ముందే బయట తీయించుకుని వెళ్తే అక్కడ పనికిరాదని మళ్ళీ తీస్తే బిడ్డకి రేడియేషన్ రెండింతలు. స్కాన్ సెంటర్లో రెండు విషయాలు అడగండి: పిల్లల డోసు పెడుతున్నారా, త్రీడీ బొమ్మలు చేసి మొత్తం డేటా సీడీలో ఇస్తారా. స్కాన్ తీయడం కొన్ని సెకన్ల పని, ఆకలి మీద ఉంచి అప్పుడే పాలు పట్టి, గుడ్డలో చుట్టి జోకొడితే చాలామంది చిన్నపిల్లలకి మత్తు కూడా అక్కర్లేదు. సీడీ పోగొట్టుకోకండి, సెకండ్ ఒపీనియన్‌కి అదే పట్టుకెళ్ళండి.

కళ్ళ డాక్టరు చేత కంటి వెనక నరం చూపిస్తారు. పుర్రెలో ఒత్తిడి పెరిగితే ఆ నరం వాస్తుంది. ఒక్క అతుకు మూసుకున్న పిల్లల్లో ఒత్తిడి పెరగడం కొద్దిమందిలోనే ఉంటుంది, రెండు మూడు అతుకులు మూసుకుంటే ఎక్కువ మందిలో ఉంటుంది. ఆపరేషన్ అందం కోసమా, అవసరం కోసమా అని ఎవరైనా ఎకసెక్కాలాడితే, రెండూ అని చెప్పండి: మెదడుకి చోటు, ముఖానికి ఆకారం.

రక్తంలో కాల్షియం, విటమిన్ డి కూడా చూస్తారు, రికెట్స్ (ఎముకలు మెత్తబడే జబ్బు) వల్ల కూడా అతుకులు ముందే మూసుకోవచ్చు, అలా అయితే ముందు దాన్ని సరిచేయాలి. చేతి వేళ్ళు, కాలి వేళ్ళు కలిసిపోయి ఉన్నా, కళ్ళు బయటికి పొడుచుకొచ్చినట్టున్నా, రెండు చెవుల వైపు అతుకులూ మూసుకున్నా జన్యు పరీక్ష చేయిస్తారు. ఎపర్ట్, క్రౌజాన్, మ్యూంకే లాంటి జన్యు జబ్బుల పేర్లు వింటారు, వాటి వెనక ఎక్కువగా ఎఫ్‌జీఎఫ్ఆర్ జన్యువుల్లో మార్పు ఉంటుంది. హైదరాబాద్ నిమ్స్‌లో మెడికల్ జెనెటిక్స్ విభాగం ఉంది, ఇలాంటి కౌన్సెలింగ్‌కి అక్కడికి వెళ్ళొచ్చు. ఒక్క అతుకే మూసుకుని బిడ్డ మిగతా విధాలుగా బాగుంటే చాలామందిలో కారణమే దొరకదు. గ్రహణం చూశావా, మేనరికం కదా అని తల్లిని తినేసే వాళ్ళు మన ఇళ్ళల్లో తప్పరు. గ్రహణానికీ దీనికీ సంబంధం లేదు. మేనరికం సంగతా, నేను చెప్పిన ఆ జన్యు మార్పులు తల్లిదండ్రుల్లో ఒక్కరి నుంచి వచ్చినా చాలు, చాలాసార్లు ఎవరి నుంచీ రాకుండా కొత్తగానే పుడతాయి.

ఒక తేడా గుర్తుంచుకోండి. మెదడే పెరగక తల చిన్నదైపోవడం వేరే జబ్బు, మైక్రోసెఫలీ. 1890ల్లో ఐరోపాలో, అమెరికాలో అలాంటి పిల్లల పుర్రెలు కూడా తెరిచి, చోటిస్తే మెదడు పెరుగుతుందని ఆశపడ్డారు, పెరగలేదు, చాలామంది పిల్లలు చనిపోయారు. అందుకే ఇప్పుడు తల మొత్తం చిన్నగా ఉంటే కత్తి పట్టే ముందు అసలు సమస్య మెదడుదా ఎముకదా అని తేలుస్తారు.

ఏ వయసుకి ఏ ఆపరేషన్

చిన్న కోత ఆపరేషన్ ఎండోస్కోపుతో, అంటే కెమెరా ఉన్న సన్నటి గొట్టంతో చేస్తారు. అమెరికాలో హిమెనెజ్, బరోన్ అనే ఇద్దరు డాక్టర్లు 1990ల్లో మొదలుపెట్టిన పద్ధతి. తల మీద రెండు చిన్న కోతలు పెట్టి, మూసుకుపోయిన అతుకు దగ్గర ఎముక పట్టీని తీసేస్తారు. గంట, గంటన్నర పని, రక్తం తక్కువ పోతుంది, ఒకటి రెండు రోజుల్లో ఇంటికి పంపేస్తారు. కానీ దీనికి మూడు నాలుగు నెలల వయసు సరైనది, ఆరు నెలలు దాటితే చాలామంది చేయరు, ఎముక మందమైపోతుంది, తర్వాత మెదడు చేసే నెట్టుడూ తగ్గిపోతుంది. తర్వాత ఏడాది వయసు దగ్గరపడే దాకా రోజుకి 23 గంటలు హెల్మెట్ పెట్టాలి. విజయవాడ మే నెలలో 23 గంటల హెల్మెట్ అంటే ఏంటో ఆలోచించుకోండి, చెమటకాయలు, కంపు, ఏడుపు, తల పెరిగే కొద్దీ హెల్మెట్ సరిచేయించడానికి మళ్ళీ మళ్ళీ ప్రయాణం. అయినా పెద్ద ఆపరేషన్ తప్పుతుందంటే నేనైతే మరో ఆలోచన లేకుండా దాన్నే ఎంచుకునేదాన్ని. హెల్మెట్ ఎక్కడ తయారవుతుంది, ఎవరు సరిచేస్తారు అని ఆపరేషన్‌కి ముందే అడగండి, ఆ ఏర్పాటు లేని చోట సగం వైద్యమే జరుగుతుంది.

స్ప్రింగుల పద్ధతి ఇంకోటి ఉంది, స్వీడన్‌లో గోథెన్‌బర్గ్ సర్జన్లు మొదలుపెట్టింది. ఎముక కోసి మధ్యలో స్టీలు స్ప్రింగులు పెడితే అవి మెల్లగా విడదీస్తాయి, కొన్ని నెలల తర్వాత ఇంకో చిన్న ఆపరేషన్‌తో తీసేస్తారు.

మేము చేయించింది ఓపెన్ ఆపరేషన్. ఆరు నెలల నుంచి ఏడాది మధ్య ఎక్కువగా చేస్తారు, నుదురు, కళ్ళ పైఎముక సరిచేయాల్సి ఉంటే ఇంకాస్త ఆగుతారు. ఒక చెవి నుంచి ఇంకో చెవి దాకా జిగ్‌జాగ్‌గా కోస్తారు, జుట్టు వచ్చాక గీత తిన్నగా పాపిడిలా కనిపించకుండా ఉండటానికే ఆ వంకరలు. చర్మం వెనక్కి మడిచి, ఎముకలు ముక్కలుగా తీసి, బల్ల మీద ఆకారం సరిచేసి మళ్ళీ అమరుస్తారు. బిగించేది స్టీలుతో కాదు, కాలక్రమంలో కరిగిపోయే ప్లేట్లు, స్క్రూలతో. ఎముకలు మాత్రమే తీస్తారు, మెదడు పొర అలాగే ఉంటుంది, మెదడుని ముట్టుకోరు. నాకు ఈ ఒక్క వాక్యం ముందే చెప్పి ఉంటే సగం టెన్షన్ తగ్గేది.

ఏడాది దాటితే చేయలేరా అంటే చేస్తారు. కాకపోతే ఏడాది, రెండేళ్ళ లోపు పిల్లల్లో ఎముక మధ్య ఖాళీలు తమంతట తామే పూడుకుంటాయి, ఆ తర్వాత ఆ శక్తి తగ్గుతుంది, పని కష్టమవుతుంది. ఆలస్యంగా తెలిసిన వాళ్ళు చేతులెత్తేయకండి, రేపే కళ్ళ డాక్టరుకీ సర్జన్‌కీ చూపించండి.

సర్జన్ ముందు కూర్చున్నప్పుడు సిగ్గుపడకుండా అడగాల్సినవి: ఏడాదికి ఇలాంటివి ఎన్ని చేస్తారు, మా బిడ్డకి ఈ పద్ధతే ఎందుకు, పిల్లలకి మత్తిచ్చే ప్రత్యేక డాక్టరు ఉన్నారా, పిల్లల ఐసీయూ ఇక్కడే ఉందా. మంచి సర్జన్లు ఈ ప్రశ్నలకి కోపం తెచ్చుకోరు. ప్రాణాపాయం అరుదు, అనుభవం ఉన్న చోట వందకి ఒకటి కంటే తక్కువ, అయినా లేదని ఎవరూ సంతకం పెట్టి ఇవ్వరు. అసలు భయం రక్తం పోవడం. ఏడెనిమిది కిలోల బిడ్డలో ఉండే మొత్తం రక్తమే అర లీటరు పైచిలుకు, అందులో కొంచెం పోయినా ఎక్కువే.

డబ్బు, రక్తం, పుట్టువెంట్రుకలు

తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రలో ఎన్టీఆర్ వైద్య సేవ ఉన్నవాళ్ళు ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర డెస్కు దగ్గర జబ్బు పేరు, ఆపరేషన్ పేరు రెండూ రాసిచ్చి వస్తుందో రాదో అడ్మిట్ అయ్యే ముందే తేల్చుకోండి. ప్రైవేటు ఇన్సూరెన్సులో పుట్టుకతో వచ్చిన, బయటికి కనిపించే లోపాలకి డబ్బు ఇవ్వం అనే షరతు చాలా పాలసీల్లో ఉంటుంది. మీ పాలసీ కాగితం చదివి, సర్జన్ చేత ఇది లోపలి ఎముక జబ్బు, మెదడు మీద ఒత్తిడి ప్రమాదం ఉందని వివరంగా రాయించుకుని ముందస్తు అనుమతికి పంపండి. మాకు మొదటిసారి తిరస్కరించారు, ఉత్తరం పెట్టాక సగం వచ్చింది.

రక్తం ముందే గ్రూపు చూసి, కలిపి, సిద్ధంగా పెట్టమంటారు. "నాన్న రక్తమే ఎక్కించండి" అని పట్టుబట్టకండి, దగ్గరి బంధువుల రక్తం పసిబిడ్డకి నేరుగా ఎక్కిస్తే అరుదుగా ప్రాణాంతకమైన చిక్కు వస్తుంది, దాన్ని రేడియేషన్‌తో శుద్ధి చేసి వాడాలి. నాన్న బ్లడ్ బ్యాంకుకి బదులు రక్తం ఇస్తే చాలు. బిడ్డ హిమోగ్లోబిన్ తక్కువుంటే నెల ముందు నుంచే ఐరన్ చుక్కలు డాక్టరు చెప్పినట్టు వేయండి. జలుబు, దగ్గు ఉంటే దాచకండి, ఆపరేషన్ వాయిదా పడుతుందని దాచిన వాళ్ళని చూశాను, మత్తులో ఊపిరి ఆడక ఇబ్బంది పడతారు. ఈ మధ్య టీకా వేయిస్తే అదీ చెప్పండి.

ఆపరేషన్ ముందు తల్లిపాలు సాధారణంగా నాలుగు గంటలు, డబ్బా పాలు ఆరు గంటలు ఆపుతారు. మీ డాక్టరు చెప్పిన టైముకి అలారం పెట్టుకుని సరిగ్గా దానికి ముందు లేపి పాలివ్వండి, లేదంటే తెల్లవారుజామున వాడి ఆకలి ఏడుపు మీ వల్ల కాదు.

ఇక పుట్టువెంట్రుకలు. మా ఇంట్లో పెద్ద గొడవ దీనిమీదే. తిరుపతిలో మొక్కు తీరకుండా తలకి కత్తెర పెట్టకూడదని. చాలామంది సర్జన్లు ఇప్పుడు తల మొత్తం గీయరు, కోత పడే చోట సన్నగా తీస్తారు, ముందే అడిగితే చెబుతారు. మేము ఆపరేషన్‌కి వారం ముందు వెళ్ళి మొక్కు తీర్చుకునే వచ్చాం, గుండు డాక్టర్లకీ సులువైంది. అలా కుదరకపోతే మొక్కు ఆగుతుంది. ముహూర్తం కోసం, మూఢం పోవడం కోసం మాత్రం ఆపరేషన్ తేదీ జరపకండి, ముఖ్యంగా చిన్న కోత పద్ధతికి మూడు వారాలు అంటే చాలా పెద్ద తేడా.

ఆ రోజు, ఆ తర్వాతి అయిదు రోజులు

లోపలికి తీసుకెళ్ళాక కోత మొదలవడానికే గంట పైన పడుతుంది, చిన్న నరాల్లో సూదులు దొరకాలి, గొట్టాలు పెట్టాలి. ఓపెన్ అయితే మూడు నుంచి అయిదు గంటలు ఆపరేషనే. కాబట్టి చెప్పిన టైము దాటగానే తలుపు దగ్గర నిలబడి ఏడవకండి, నేను ఏడ్చాను, దండగ. ఎవరో ఒకరు తిని రండి, మిగతా వాళ్ళని ఇంటికి పంపేయండి.

ఐసీయూలో ఒక రాత్రి ఉంచుతారు. తల చుట్టూ కట్టు, పక్కన సన్నటి డ్రెయిన్ గొట్టం. మొదటి సాయంత్రం ముఖం మామూలుగానే ఉంటుంది, "అయిపోయింది హమ్మయ్య" అనుకుంటారు. రెండో రోజు నుంచి వాపు ముఖం మీదకి దిగుతుంది, నుదురు ఆపరేషన్ అయితే మరీనూ, రెండు కళ్ళూ మూసుకుపోతాయి. ఎవరూ ముందే చెప్పకపోతే గుండె ఆగినంత పనవుతుంది. అది వస్తుందని తెలుసు, పోతుందనీ తెలుసు, నాలుగైదు రోజులకి కళ్ళు తెరుస్తారు. ఆ రెండు రోజులూ బిడ్డకి ఏమీ కనబడదు, గొంతే ఆధారం. నేను అదే జోలపాట అదే వరసలో పాడుతూ, ముట్టుకునే ముందు పేరు పిలిచి ముట్టుకునేదాన్ని, నర్సులకి కూడా అలాగే చెప్పాను. తల కాస్త ఎత్తులో పెట్టి పడుకోబెడతారు. మొదటి రెండు రోజులు కొద్దిపాటి జ్వరం చాలామందికి వస్తుంది. నొప్పి మందు ఏడ్చాక కాదు, టైము ప్రకారం ఇవ్వమని అడగండి.

ఇంటికొచ్చాక కుట్ల మీద నూనె, పసుపు, పౌడరు ఏదీ వద్దు. తలస్నానం ఎప్పుడో సర్జన్ చెబుతారు, అప్పటిదాకా లాల పోసే ఆమెకి సెలవివ్వండి, తర్వాత కూడా తల ఒత్తనివ్వకండి. కోత నుంచి నీళ్ళలాంటిది కారుతున్నా, ఎర్రబడి చీము పట్టినా, తగ్గిన జ్వరం మళ్ళీ వచ్చినా, ఆగకుండా వాంతులు, మగతగా పడి ఉండటం, మూర్ఛ, ఇవేవి కనిపించినా ఫోన్లు చేస్తూ కూర్చోకుండా ఆసుపత్రికి వెళ్ళిపోండి. ప్లేట్లు ఉన్న చోట చిన్న చిన్న బొడిపెలు తగులుతాయి, కొన్ని నెలలకి అవి కరిగేటప్పుడు కాస్త ఉబ్బి మళ్ళీ సర్దుకుంటాయి, దానికి కంగారు లేదు గానీ తర్వాతి విజిట్లో చూపించండి.

చెకప్పులు మానేయొద్దు, బాగున్నాడు కదా అని మొదటి ఏడాది తర్వాత చాలామంది మానేస్తారు. తల కొలత, కంటి నరం పరీక్ష బడి వయసు దాకా ఏటా జరగాలి, కొందరు పిల్లల్లో తల మళ్ళీ ఇరుకై రెండో ఆపరేషన్ అవసరం పడుతుంది, జన్యు కారణం ఉన్నవాళ్ళలో మరీ ఎక్కువ. ఆపరేషన్ బాగా జరిగినా కొందరు పిల్లల్లో మాటలు ఆలస్యం కావడం, చదువులో చిన్న ఇబ్బందులు కనిపిస్తాయి, మాటలు రెండేళ్ళకి అందుకోకపోతే "మగపిల్లలు లేటే" అని ఊరుకోకుండా స్పీచ్ థెరపీకి తీసుకెళ్ళండి. మావాడికి ఎనిమిది నెలలు చేయించాం.

మళ్ళీ కాన్పు అనుకుంటే, మొదటి బిడ్డకి ఒక్క అతుకే మూసుకుని, జన్యు కారణం ఏదీ దొరక్కపోతే రెండో బిడ్డకి వచ్చే అవకాశం తక్కువ. తల్లిదండ్రుల్లో ఒకరికి ఆ జన్యు మార్పు ఉంటే మాత్రం ప్రతి కాన్పుకీ సగం సగం, అందుకే ముందే కౌన్సెలింగ్‌కి వెళ్ళాలి. మా పాప పుట్టిన మూడో వారం లాల పోస్తూ మా అమ్మ నడినెత్తి నిమిరి చూసింది, గట్టు లేదు. అయినా ఆరు వారాల టీకా రోజున పైనుంచి ఫోటో తీసి పెట్టుకున్నాను.